నెల ఖర్చు – ఏటి రాబడి

ఉగాదినాడు మన పల్లెలలో పంచాంగ శ్రవణం జరుగుట ఆచారం. ఏ రాశివారికైనను అందు ముఖ్యంగా వినిపించే అంకెలు రెండు: ఆదాయం, వ్యయం. ఆదాయం రెండు, వ్యయం పదకొండు అని సిద్ధాంతిగారు చదివినప్పుడు ఆ రాశివారు చిన్నబుచ్చుకొనుట, ప్రక్కవారు ముసిముసిగా నవ్వుట ఏటేటా చూచేదే. ఆ అంకెలయందు నమ్మకమున్నను లేకున్నను వానిలో గమనింపదగిన విషయం ఒకటున్నది. ఆ లెక్క ఏడాదికి చెప్పినది, నెలకు చెప్పినది కాదు. పంటను నమ్ముకొని బ్రతికే జనం తన రాబడిని, పోబడిని సంవత్సరం పేరనే తలచుకొన్నది.

నేటి ప్రభుత్వాలు, ఆర్థిక శాస్త్రజ్ఞులు మాత్రం కుటుంబ వ్యయాన్ని నెల పేర లెక్కిస్తున్నారు. ఒక మనిషి తిండికి, బట్టకు, మందుకు, చదువుకు, ప్రయాణానికి నెలకు ఎంత వెచ్చించుచున్నాడు అనునదే దేశపు కలిమిలేములకు కొలబద్ద అయినది. ఏడాది లెక్కకు, నెల లెక్కకు నడుమ మా పల్నాటి సంసారాలు ఎట్లు నడుస్తున్నవో, ఆ నడకలో చదువుకొనే పిల్లల గతి ఏమగుచున్నదో విద్యార్థి మిత్రుల యెదుట, కళాశాల పాలక సంఘం పెద్దల యెదుట ఉంచుటయే మా ఉద్దేశం.

ముందుగా దేశపు లెక్కను చూద్దాము. ఆచార్య ప్రశాంత చంద్ర మహలనోబిస్ ప్రేరణతో 1950లో మన దేశంలో జాతీయ నమూనా సర్వే ఆరంభమైనది. కోట్లాది ఇండ్ల గడపలు త్రొక్కుట అసాధ్యం గనుక కొన్ని ఇండ్లను శాస్త్రీయంగా ఎన్నుకొని, వాని స్థితినిబట్టి దేశస్థితిని గ్రహించుట దాని పద్ధతి. 2011-12 తరువాత ఈ వినియోగ వ్యయ సర్వే ఫలితాలు చాలాకాలం వెలువడలేదు. 2017-18లో జరిగిన సర్వే ఫలితాలను విడుదల చేయరాదని ప్రభుత్వం 2019లో నిర్ణయించినది. తిరిగి 2022 ఆగస్టు నుండి 2023 జులై వరకు ఒక సర్వే, ఆ వెంటనే 2024 జులై వరకు మరొక సర్వే జరిగినవి. మొదటిదానిలో దేశం మొత్తంమీద 2,61,746 కుటుంబాలను ప్రశ్నించారు.

ఆ సర్వే ప్రకారం 2022-23లో దేశంలోని పల్లెవాసి తలసరి నెల ఖర్చు 3,773 రూపాయలు, పట్టణవాసిది 6,459 రూపాయలు. మన ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవాసికి 4,870 రూపాయలు, పట్టణవాసికి 6,782 రూపాయలు. అనగా మన రాష్ట్రపు పల్లెవాసి దేశపు సగటుకంటె దాదాపు పదకొండు వందలు అధికంగా ఖర్చు చేస్తున్నాడు. అయిదుగురున్న ఇంటికి ఈ లెక్కన నెలకు ఇరువది నాలుగు వేల పైచిలుకు. ఈ అంకెను విన్నప్పుడు మా ఊరి పెద్దలు, "ఆ ఇల్లు ఎక్కడున్నదో చూపించండి, మేమూ వచ్చి ఉంటాము" అని నవ్వారు. సగటు అన్నది అందరిదీ, ఏ ఒక్కరిదీ కాదు. అదే సర్వేలో దేశపు పల్లెలలో అట్టడుగు 5 శాతం జనుల తలసరి నెల ఖర్చు 1,373 రూపాయలు కాగా, పైనున్న 5 శాతం వారిది 10,501 రూపాయలు. ఈ రెంటికీ మధ్య ఏడున్నర రెట్ల దూరమున్నది.

ఖర్చు పెరుగుటయే కాదు, దాని స్వరూపం కూడ మారినది. 1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ అను జర్మను గణాంకవేత్త ఒక సూత్రం చెప్పాడు. కుటుంబం కలిమిలోనికి వచ్చుకొలది దాని ఖర్చులో తిండి వాటా తగ్గునని దాని భావం. మన దేశంలోను అట్లే జరిగినది. 1999-2000లో పల్లెల ఖర్చులో 59 శాతం తిండికే పోయెడిది. 2022-23 నాటికది 46 శాతమైనది. అందులోను ధాన్యం వాటా 22 శాతం నుండి 5 శాతంకంటె తక్కువకు దిగినది. పండ్లు, గ్రుడ్లు, మాంసం వంటి వాని వాటా హెచ్చినది. పానీయాలు, పొట్లాలలో అమ్మే తినుబండారాలు మొదలగువాని వాటా 9.62 శాతమైనది. ధాన్యానికి పెట్టే రూపాయలకు దాదాపు రెట్టింపు రూపాయలు పల్లె ఇల్లు వీనికి పెట్టుచున్నదని దీని అర్థం. అంగన్‌వాడీ బడి ముందున్న కొట్టులో దండలుగా వ్రేలాడే చిప్సు పొట్లాలను చూచినవారికి ఈ అంకె వింతగా తోచదు.

ఈ మార్పు లోతు తెలియవలెనంటే పల్నాటి పాత తిండిని తలచుకొనవలె. ఇది జొన్నల సీమ. సన్నన్నానికి అలవాటుపడిన శ్రీనాథుడు ఈ సీమ జొన్నకూటిని ఎత్తిపొడిచినట్లు ఆయన పేర చాటువులు ఇప్పటికీ ప్రచారంలో ఉన్నవి. మా తాతల కాలంవరకు ఆ స్థితి పెద్దగా మారలేదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ నీరు ఈ మెట్టసీమలోనికి పారిన తరువాత వరి వచ్చినది, ప్రత్తి వచ్చినది, మిరప వచ్చినది. 1983లో రాష్ట్ర ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ఆరంభించిన తరువాత కూలివాని కంచంలోను వరియన్నం నిత్యమైనది. జొన్నరొట్టె పండుగనాటి రుచిగా, చక్కెర వ్యాధి ఉన్నవారి పథ్యంగా మిగిలినది. నేడు జొన్నలు కొనబోతే బియ్యంకంటె ప్రియం.

అయితే జొన్న పండించిన కాలానికి, ప్రత్తి మిరపలు పండించే కాలానికి మరొక భేదం కూడ ఉన్నది. జొన్న పండినవాడు పాతరలో పోసుకొని ఏడాదంతా తిన్నాడు. మిరప పండినవాడు దానిని తిని బ్రతుకలేడు. దానిని గుంటూరు యార్డుకు చేర్చి, రూపాయలుగా మార్చుకొని, ఆ రూపాయలతో తక్కిన సమస్తం కొనుక్కోవలె. రాబడి ఏడాదికి ఒకటి రెండు మార్లు, కొనుగోలు ప్రతిదినం. పల్నాటి ఇంటి చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

అర్థశాస్త్రం చదువుచున్న ఉత్సాహంతో మేము మా ఇంటి పద్దు ఒక ఏడాదిపాటు వ్రాసి చూచాము. మాది గురజాల ప్రాంతపు పల్లె. కొంత సొంతం, కొంత కౌలు కలిపి ప్రత్తి, మిరప వేసే సంసారం. 2024 ఏప్రిల్ 9, ఉగాదినాడు మొదలుపెట్టి మరుసటి ఉగాది వరకు ఇంటికి వచ్చిన ప్రతి రూపాయిని, పోయిన ప్రతి రూపాయిని నోటుపుస్తకంలోనికి ఎక్కించాము. అంతకుముందు మా ఇంట లెక్క లేదని కాదు. మా అమ్మగారు గోడ క్యాలెండరుమీద గేదె పాల లెక్క, కిరాణా కొట్టు అరువు, డ్వాక్రా సంఘపు వాయిదా తారీఖు గుర్తులు పెట్టుకొనేవారు. ఆ గుర్తులే మా పద్దుకు పునాది.

ఆ ఏడాది ఉగాది జరిగిన రెండవనాడే, ఏప్రిల్ 11న, రంజాన్ పండుగ వచ్చినది. కల్లంలో చివరి కోత మిరపకాయలున్నవి గనుక చేతిలో డబ్బున్నది. కొత్తబట్టలు, సేమ్యా, మాంసం, ఫిత్రా అన్నియు ఏ ఇబ్బంది లేక జరిగినవి. కొట్టువాని పాత బాకీ కూడ తీరినది. ఆ నెల మా ఖర్చు ఏడాదిలోకెల్ల హెచ్చు. మే నెలలో మిర్చి యార్డుకు వేసవి సెలవులు. బంధువుల పెండ్లిండ్లు మాత్రం సెలవు తీసుకొనలేదు. జూన్‌లో ప్రత్తి విత్తనాలు, దుక్కి కూలి, బడి పుస్తకాలు ఒక్కసారిగా వచ్చి పడినవి. జులైలో పంటమీద వచ్చిన రాబడి సున్న. ఆ నెల ఇంటిని నడిపినది రెండు గేదెల పాల డబ్బు మాత్రమే.

ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో మిరపనారు నాటిన తరువాత ఎరువులకు, పురుగుమందులకు పోసిన డబ్బు ఇంటి ఖర్చును మింగివేసినది. 2021-22లో నల్ల తామరపురుగు మిరపతోటలను పాడుచేసిన నాటినుండి మందులు కొట్టుటలో ఎవరికీ ధైర్యం చాలడం లేదు. ఈ రెండు నెలలలో మా పద్దులో వింత ఒకటి కనిపించినది. బియ్యం, పప్పు, నూనె తగ్గలేదు. తగ్గినవి పాలు, గ్రుడ్లు, పండ్లు. గేదె పాలు కేంద్రానికే పోయినవి. టీలో పాలు పలుచబడినవి. మా అమ్మగారి మోకాలి నొప్పి మాత్రలు పదిహేను దినాలు పద్దులో కనిపించలేదు. అడిగితే "నొప్పి తగ్గింది" అన్నారు. అక్టోబరులో ప్రత్తి మొదటి తీత అమ్మిన మరునాడే మాత్రలు తిరిగి పద్దులోనికి వచ్చినవి. సర్వే కాగితంలో ఆ మాత్రల ఖర్చు తగ్గుట ఆరోగ్యం మెరుగుపడుటవలె కనిపించవచ్చు. నిజమేమిటో ఆ ఇంటిలోనివారికి తెలియును.

ఈ లోపల దేశమంతట ధరలు పెరుగుచుండినవి. 2024 సెప్టెంబరులో వంటనూనెల దిగుమతి సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం పెంచినది. మలేషియా, ఇండోనేషియాల పామాయిలు, నల్లసముద్రపు తీరాల పొద్దుతిరుగుడు నూనె మన పోపు గిన్నెలోనికి వచ్చేవే గనుక ఆ సుంకం మా ఊరి కొట్టులోనికి వచ్చుటకు ఎన్నో దినాలు పట్టలేదు. అక్టోబరులో దేశంలో ఆహార వస్తువుల ధరలు అంతకుముందటి ఏడాదికంటె 10.87 శాతం హెచ్చినవని ప్రభుత్వ లెక్కలు తెలిపినవి. తరువాత క్రమంగా దిగివచ్చి, 2025 మార్చి నాటికి ఆ హెచ్చు 2.69 శాతమైనది. పత్రికలు సంతోషించినవి. పట్టణపు గృహిణులకు ఊరట కలిగినమాట నిజం.

కాని మాకు ఆ కాలమే గడ్డుకాలం. 2025 జనవరి, ఫిబ్రవరి నెలలలో మిరప కోతలు ముమ్మరమైన వేళ ధర కూలిపోయినది. రెండేండ్ల క్రితం క్వింటాలు ఇరువది వేలు దాటిన కాయ అందులో సగానికి దిగినది. ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం క్రింద క్వింటాలుకు 11,781 రూపాయల ధరను ప్రకటించినది. కోత కూలి, కౌలు, మందుల బాకీ తీసివేసి చూచుకొంటే మా చేతికి మిగిలినది స్వల్పం. కొందరు ధర పెరుగునన్న ఆశతో టిక్కీలను శీతల గిడ్డంగులలో పెట్టారు. దానికి అద్దె వేరు, అప్పుమీద వడ్డీ వేరు. పట్టణంలో ఒకరు చౌక అనుకొనేది పల్లెలో మరొకరి రాబడియే అని మేము పుస్తకంలో చదివియుంటిమి. ఆ ఏడాది దానిని మా పద్దులో చూచాము.

అదే సమయంలో పండుగలు వరుసగా వచ్చినవి. ఫిబ్రవరి 26న శివరాత్రి. కోటప్పకొండ తిరునాళ్ళకు ఊరూరా ప్రభలు కట్టుటకు చందాలు పోగుచేస్తారు. పంట డబ్బుతో ముడిపడిన ఖర్చు అది. మార్చి 2న రంజాన్ మాసం ఆరంభమైనది. ఉగాది మార్చి 30న, రంజాన్ పండుగ 31న జరిగినవి. చాంద్రమాన గణనలో హిజరీ సంవత్సరం 354 దినాలే గనుక రంజాన్ ఏటేటా పది పదకొండు దినాలు ముందుకు జరుగుచుండును. 2016లో అది జూన్ నెలలో వచ్చినది. విత్తనాల ఖర్చు, బడి ఖర్చు, పండుగ ఖర్చు మూడును ఒక్క నెలలో పడిన ఆ ఏడులను మా పెద్దలు ఇంకను మరువలేదు. ఇప్పుడది మిరప డబ్బు వచ్చే కాలానికి చేరినది. కాయకు ధరయున్న ఏడు ఇది మేలు, ధర లేని ఏడు పండుగ కూడ వెలవెలపోవును. ఉగాది, సంక్రాంతి, శివరాత్రి ప్రతి ఏడు అదే ఋతువులో వచ్చును. రంజాన్ మాత్రం ముప్పది మూడేండ్లకు గాని ఋతుచక్రమంతా తిరిగిరాదు. ఇరుగుపొరుగు ఇండ్ల నెల ఖర్చు ఒకే ఊరిలో, ఒకే పంటమీద వేర్వేరుగా ఎందుకుండునో దీనినిబట్టి కొంత తెలియును.

అన్నిటికంటె గట్టి పరీక్ష చదువు విషయంలో వచ్చినది. సర్వే పద్ధతిని ఇక్కడ ఒకసారి గుర్తుచేయవలె. కూరగాయలు, గ్రుడ్లు, నూనె వంటివానిని గడచిన 7 దినాలకు అడుగుతారు. బియ్యం, పప్పులు 30 దినాలకు. బట్టలు, చెప్పులు, చదువు, ఆసుపత్రి చేరిక వంటివానిని 365 దినాలకు అడిగి నెల లెక్కలోనికి మార్చుతారు. శాస్త్రానికి అది సరియైన పద్ధతియే. ఏడాది ఫీజును పండ్రెండుతో భాగించి కాగితంమీద వ్రాస్తే అది చిన్న అంకె. కాని ఆ ఫీజును కళాశాల పండ్రెండు భాగాలుగా అడుగదు. చేతిలో రూపాయి లేని జూన్, జులై నెలలలో ఒక్కమొత్తంగా అడుగును. సర్వే భాగించినట్లు సంసారం భాగించలేదు. ఆ నెలలలో ఫీజు కట్టవలెనంటే బంగారం తాకట్టుకు పోవలె, లేదా నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవలె. నూటికి నెలకు రెండు రూపాయలనగా ఏడాదికి ఇరువది నాలుగు. పేదవాని చదువు కలవాని చదువుకంటె ప్రియమగుటకు కారణమిదియే. ఫీజు ఒక్కటే అయినను దానిపై వడ్డీని పేదవాడు మాత్రమే కట్టుచున్నాడు. ప్రభుత్వం ఇచ్చే ఫీజు సహాయం వచ్చునన్న నమ్మకమున్నను, అది చేతికందే దినానికి, కళాశాల అడిగే దినానికి నడుమ అప్పు తప్పదు.

మా చెల్లెలు 2025 మార్చిలో ఇంటర్మీడియట్ పరీక్షలు వ్రాసినది. మిరప ధర పడిపోయిన ఆ దినాలలోనే ఆమె డిగ్రీ సంగతి మా ఇంట చర్చకు వచ్చినది. ఎవరును చదువు వద్దని అనలేదు. "ఈ ఏడు ఆగి, వచ్చే ఏడు చేరితే సరి" అన్నారు. ఈ మాటలో కాఠిన్యం లేదు, కపటం లేదు. కాని ఆగిన ఆడపిల్ల చదువు మరుసటి ఏడు తిరిగి మొదలగుట మా వీధిలో అరుదు. ఆమెతో కలిసి చదివిన ఇద్దరు అట్లే ఆగిపోయారు. ఒకరికి అప్పుడే సంబంధాలు చూచుచున్నారు.

ఆ రాత్రి మా పద్దు పుస్తకాన్ని ఇంటిల్లిపాది ముందు పెట్టాము. అప్పటికి ఏడాది లెక్క దాదాపు పూర్తియైనది. అందులో ఇద్దరు మగవారి సిగరెట్లు, పాన్, గుట్కా, వారాంతపు తాగుడు కలిపి వచ్చిన మొత్తం చెల్లెలి డిగ్రీ మొదటి ఏటి ఫీజుకు దాదాపు సమానంగా ఉన్నది. ఎవరినీ నిందించక అంకెను మాత్రమే చదివాము. కొంతసేపు ఎవరును మాట్లాడలేదు. తరువాత మా చిన్నాన్నగారు, "అంత అయిందా!" అని పుస్తకం తీసుకొని తామే కూడి చూచుకొన్నారు. అంకె మారలేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2022-23 సర్వేలో దేశపు పల్లెల ఖర్చులో పాన్, పొగాకు, మత్తుపదార్థాల వాటా 3.79 శాతం, చదువు వాటా 3.30 శాతం. పట్టణాలలో చదువుకు 5.78 శాతం, వీనికి 2.43 శాతం. ప్రభుత్వ పాఠశాలలో ఉచితంగా చదివే పిల్లలున్న ఇంట చదువు ఖర్చు తక్కువగా కనిపించుట సహజమని ఇక్కడ చెప్పుట న్యాయం. ఉచితంగా లభించినది ఇంటి ఖర్చులోనికి రాదు. ఆ మినహాయింపు ఇచ్చిన పిమ్మట కూడ ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన చూచినవారికి మనసు కలుక్కుమనక మానదు.

మా చెల్లెలు డిగ్రీలో చేరినది. మొదటి విడత ఫీజుకు మా అమ్మగారి డ్వాక్రా సంఘపు అప్పు తోడ్పడినది. తక్కినదానికి ఇంట ఒక కట్టుబాటు చేసుకొన్నాము. ప్రత్తి మొదటి తీత డబ్బు రాగానే అందులోనుండి చదువు డబ్బు, మందుల డబ్బు ముందు వేరు చేసి తపాలా కార్యాలయపు పొదుపు ఖాతాలో వేయవలెనని, తక్కిన ఖర్చులు ఆ తరువాతనే అని నిర్ణయించుకొన్నాము. తాగుడు పూర్తిగా మానుట జరుగలేదు. తగ్గినది. పద్దు వ్రాయుట మాత్రం మానలేదు. ఇప్పుడు పద్దు వ్రాసేది చెల్లెలు.

ఈ అనుభవంనుండి రెండు విన్నపాలు చేయదలచినాము. మొదటిది విద్యార్థి మిత్రులకు. మీ ఇంటి పద్దు ఒక ఏడాదిపాటు వ్రాయండి. నెల నెల మొత్తం వేయుటతో తృప్తిపడక, ఏ నెలలో ఏది తగ్గినదో, ఎవరి భాగం తగ్గినదో గమనించండి. చాలా ఇండ్లలో మొదట తగ్గేది తల్లి మందు, ఆడపిల్ల చదువు. అవి అడుగని నోళ్ళు గనుక తగ్గుచున్నవి. పద్దు వ్రాసినంత మాత్రాన రాబడి పెరుగదు. కాని ఇంటివారంతా ఒకే అంకెను చూచినప్పుడు వాదం తగ్గి ఆలోచన కలుగును.

రెండవది కళాశాల పాలక సంఘం పెద్దలకు సవినయంగా చేసే మనవి. మన కళాశాలకు నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల పల్లెలనుండి వచ్చే పిల్లలలో అధికులు పంటమీద, పాడిమీద, రోజుకూలిమీద ఆధారపడిన ఇండ్లవారు. ఫీజు మొత్తాన్ని తగ్గించుమని మేము కోరుట లేదు. సంస్థకును నెల నెల జీతాలు, కరెంటు బిల్లులు ఉన్నవని ఎరుగుదుము. ఫీజు గడువులను మాత్రం పంట కాలాన్నిబట్టి అమర్చుమని కోరుచున్నాము. చేరికనాడు స్వల్పమొత్తం, ప్రత్తి అమ్మకాలు జరిగే డిసెంబరులో ఒక విడత, మిరప డబ్బు చేతికందే మార్చిలో మరొక విడత. దీనివలన సంస్థకు వచ్చే రూపాయి తగ్గదు, కొంత ఆలస్యమగును. పల్లెటూరి తండ్రికి మాత్రం అయిదారు నెలల వడ్డీ మిగులును. ధర కూలిన ఏడు చివరి విడతకు కొంత వ్యవధి ఇవ్వగల నిధి ఒకటి ఏర్పడితే మరింత మేలు. పూర్వవిద్యార్థులలో ఉద్యోగస్థులు, వ్యాపారస్థులు అనేకులున్నారు. నెల జీతం ఎరిగినవారు నెల జీతం ఎరుగని ఇంటి పిల్లకు తోడ్పడుటకు ఇంతకంటె తేలికైన మార్గం మాకు కనిపించుట లేదు.

దేశపు లెక్కలు అవసరమే. అవి లేకున్న ఎవరు ఎంత వెనుకబడియున్నారో ప్రభుత్వాలకు తెలియదు. వచ్చే సర్వేలో మన జిల్లా పల్లెవాసి నెల ఖర్చు ఇంకను పెరిగినట్లు తేలవచ్చును. ఆ పెరుగుదలలో వడ్డీకి తెచ్చిన రూపాయలు ఎన్ని, కష్టించి సంపాదించిన రూపాయలు ఎన్ని, చదువుకు చేరినవి ఎన్ని అని విచారించే బాధ్యత ఈ ప్రాంతపు విద్యావంతులది. జూన్ నెల వచ్చినప్పుడు ఏ ఇంటనైనను "ఈ ఏడు ఆగమ్మా" అన్న మాట ఒక ఆడపిల్ల వినవలసిన అవసరం లేకుండ చేయుటకు మన కళాశాల పూనుకొనవలెనని మా ఆకాంక్ష.